సూపర్‌సోనిక్ ప్రవాహంలో ఎక్స్‌పాన్షన్ ఫ్యాన్ దాటాక పీడనం ఎంత? లెక్క మొదటి నుంచి చివరి దాకా

గాలి మాక్ 2 వేగంతో, అంటే ధ్వని వేగానికి రెట్టింపుతో, ఒక చదునైన గోడ వెంట పోతోంది అనుకోండి. ఒకచోట గోడ గాలికి దూరంగా 10 డిగ్రీలు వంగింది. మూల దాటాక గోడ మీద పీడనం ఎంత? గ్యాస్ డైనమిక్స్ చదివే ప్రతి ఒక్కరికీ, గేట్ ఏరోస్పేస్ పేపర్ రాసేవాళ్లకి మరీ ముఖ్యంగా, ఎదురయ్యే ప్రశ్న ఇదే. చూడ్డానికి చిన్నదే కానీ, ఫార్ములాలన్నీ కంఠతా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడటం చూస్తూనే ఉంటాం. ఎక్కువమంది చేసేది ఏంటంటే, కోణం తెలుసు కదా అని నేరుగా పీడనం మీదకి దూకుతారు. కోణం నుంచి పీడనానికి నేరు దారి లేదు. మధ్యలో రెండు మజిలీలు ఉన్నాయి: ఒకటి ప్రాంట్ల్-మేయర్ ఫంక్షన్ (మాక్ సంఖ్యని ఒక కోణంగా మార్చేది), రెండోది స్టాగ్నేషన్ ప్రెషర్ (గాలిని నష్టం లేకుండా పూర్తిగా ఆపితే వచ్చే పీడనం). ఈ రెండూ ఎందుకు ఉన్నాయో అర్థమైతే ఫార్ములా మర్చిపోయినా లెక్క ఆగదు, అందుకే ఈ వ్యాసంలో అంకెల కంటే ముందు కారణం చెప్తాను, ఆ తర్వాత ఒకే ఉదాహరణని పట్టుకుని చివరి దాకా లాగుతాను.

గుర్తుల గురించి ఒక మాట. మూలకి ముందున్న స్థితికి 1, మూల దాటాక ఉన్న స్థితికి 2 అని అంకె పెడతాను. పీడనం పీ, స్టాగ్నేషన్ ప్రెషర్ పీ0, ప్రాంట్ల్-మేయర్ కోణం న్యూ, మాక్ కోణం మ్యూ, గోడ వంగిన కోణం థీటా. గామా అంటే వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి, గాలికి అది 1.4.

మూల దగ్గర ఏం జరుగుతోంది

మనకి అలవాటైన తక్కువ వేగపు ప్రవాహంలో దారి వెడల్పైతే గాలి నెమ్మదిస్తుంది, పీడనం పెరుగుతుంది. సూపర్‌సోనిక్‌లో ఇది పూర్తిగా తిరగబడుతుంది. చోటు పెరిగితే గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది, పీడనం, ఉష్ణోగ్రత, సాంద్రత మూడూ పడిపోతాయి. కారణం సాంద్రతలో ఉంది: మాక్ 1 దాటాక వేగం ఒక శాతం పెరిగితే సాంద్రత ఒక శాతం కంటే ఎక్కువ పడుతుంది, కాబట్టి అదే ద్రవ్యరాశి పట్టాలంటే దారి వెడల్పు కావాల్సిందే. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే జవాబులో పీడనం పెరిగిందా తగ్గిందా అన్న సందేహం ఎప్పటికీ రాదు.

గోడ ఒకేసారి 10 డిగ్రీలు వంగింది కదా, మరి పీడనం కూడా ఒక గీత దగ్గర ఠక్కున ఎందుకు పడదు? గోడ గాలి మీదకి వంగినప్పుడు ఆబ్లిక్ షాక్ (ప్రవాహానికి వాలుగా నిలిచే షాక్ తరంగం) వచ్చి పీడనం ఒక్క గీతలో ఎగబాకుతుంది, మరి ఇక్కడ ఎందుకు కాదు? మలుపుని చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకోండి. మొదటి ముక్క దగ్గర పుట్టిన మాక్ తరంగం (చాలా బలహీనమైన పీడన తరంగం) ప్రవాహానికి 30 డిగ్రీల కోణంలో వెళ్తుంది, ఎందుకంటే సైన్ మ్యూ విలువ 1/మాక్, మాక్ 2 దగ్గర 1/2. అది దాటిన గాలి కాస్త వేగం పుంజుకుంది, దిశ కూడా కాస్త కిందకి వాలింది, కాబట్టి తర్వాతి తరంగం ఇంకాస్త కిందకి వాలి వెళ్తుంది. ఆ తర్వాతది ఇంకాస్త. తరంగాలు ఒకదాన్నొకటి ఎప్పటికీ అందుకోవు, విసనకర్ర పుల్లల్లా విడిపోతూనే ఉంటాయి, ఈ తరంగాల గుంపే ఎక్స్‌పాన్షన్ ఫ్యాన్. గాలి మీదకి వంగే గోడ దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకం: వెనక తరంగాలు ముందువాటిని అందుకుని, కుప్పపడి షాక్ అవుతాయి.

విడిపోవడం వల్ల మనకి దక్కే లాభం చాలా పెద్దది. ప్రతి తరంగం దగ్గరా మార్పు అణువంతే కాబట్టి ఎంట్రోపీ పెరగదు. ఎంట్రోపీ పెరగదు కాబట్టి పీ0 మారదు. లెక్క మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది: ఫ్యాన్‌కి ముందు, తర్వాత పీ0 ఒక్కటే. పీడనం ఠక్కున పడిపోయే షాక్ ఒకటి కాగితం మీద సమీకరణాల్లో దొరుకుతుంది కానీ అందులో ఎంట్రోపీ తగ్గాలి, దానికి థర్మోడైనమిక్స్ రెండో నియమం ఒప్పుకోదు.

ఈ సిద్ధాంతం వయసు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. జర్మనీలోని గోటింగెన్‌లో లుడ్విగ్ ప్రాంట్ల్ దగ్గర థియోడోర్ మేయర్ 1908లో డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంగా దీన్ని పూర్తి చేశాడు, అందులోనే ఆబ్లిక్ షాక్ లెక్క కూడా ఉంది. బెల్ ఎక్స్-1 విమానం ధ్వని వేగం దాటింది 1947 అక్టోబర్ 14న. అంటే ఎగరడానికి దాదాపు నలభై ఏళ్ల ముందే లెక్క సిద్ధంగా ఉంది.

మొదటి అడుగు: న్యూ1 కనుక్కోండి

న్యూ అంటే ఏంటి? సరిగ్గా మాక్ 1 దగ్గర ఉన్న గాలిని ఎన్ని డిగ్రీలు తిప్పితే మీ దగ్గరున్న మాక్ సంఖ్య వస్తుందో, ఆ కోణమే న్యూ. అంతకు మించి అందులో గూఢార్థం ఏమీ లేదు. మీ గాలి నిజంగా మాక్ 1 నుంచి అలా తిరిగి వచ్చిందా లేదా అన్నది అనవసరం, ఎత్తు కొలవడానికి సముద్ర మట్టాన్ని తీసుకున్నట్టు ఇక్కడ మాక్ 1ని తీసుకున్నాం.

గాలికి ఫార్ములా ఇది:

న్యూ = √6 × టాన్ ఇన్వర్స్ √((మాక్² − 1)/6) − టాన్ ఇన్వర్స్ √(మాక్² − 1)

ఆ 6 అనేది (గామా + 1)/(గామా − 1). వేరే వాయువైతే అది మారుతుంది, దాని సంగతి చివర్లో. మాక్ 2 వేస్తే న్యూ1 = 26.38 డిగ్రీలు. పరీక్షలో టేబుల్ ఇస్తే టేబుల్ నుంచే తీసుకోండి, టైమ్ కలిసొస్తుంది. ఇంట్లో లెక్క చేసేటప్పుడు మాత్రం ఒక్కసారైనా ఫార్ములాతో చేయండి, మొదటి పదం 86.38, రెండోది 60 అని కళ్లారా చూస్తే, రెండు పెద్ద కోణాల తేడాగా న్యూ వస్తోందని తెలుస్తుంది, మధ్యలో దశాంశాలు కుదిస్తే ఎందుకు జవాబు చెడుతుందో కూడా అప్పుడే అర్థమవుతుంది.

చేతిలో ఉంచుకోవాల్సిన విలువలు కొన్ని: మాక్ 1కి న్యూ సున్నా, 1.5కి 11.91, 2కి 26.38, 2.5కి 39.12, 3కి 49.76. వీటితో ఏ జవాబైనా సుమారుగా సరిపోల్చుకోవచ్చు.

రెండో అడుగు: కోణం కలపండి

న్యూ2 = న్యూ1 + థీటా

మన ఉదాహరణలో 26.38 + 10 = 36.38 డిగ్రీలు. కలపడమా తీసేయడమా అన్న తికమక వద్దు: గాలి వ్యాకోచిస్తే మాక్ పెరగాలి, మాక్ పెరిగితే న్యూ పెరగాలి, కాబట్టి కలపాలి. గోడ ఎడమకి వంగిందా కుడికి వంగిందా, పైకి గీశారా కిందకి గీశారా అనేది పట్టించుకోకండి. గోడ గాలికి దూరంగా పోతోందా అన్న ఒక్క ప్రశ్న చాలు.

థీటా అంటే మలుపు దగ్గర దిశ ఎంత మారిందో అది. మొదటి గోడ అడ్డంగా లేకుండా ముందే వాలుగా ఉంటే, రెండు గోడల దిశల మధ్య తేడా తీసుకోవాలి. డైమండ్ ఆకారపు రెక్కలో ముందు భాగం 10 డిగ్రీలు పైకి, వెనక భాగం 10 డిగ్రీలు కిందకి ఉంటే మధ్య మూల దగ్గర మలుపు 20 డిగ్రీలు. తప్పులు కుప్పలుగా దొర్లే చోటు ఇదే.

గోడ ఒక మూలలో కాకుండా మెల్లగా గుండ్రంగా వంగితే? జవాబు మారదు. మొత్తం ఎంత తిరిగిందన్నదే లెక్క. ఫ్యాన్ ఒక బిందువు నుంచి కాక వంపు పొడవునా విస్తరించి బయల్దేరుతుంది, అంతే తేడా.

మూడో అడుగు: న్యూ2 నుంచి మాక్2

ఇక్కడ ఫార్ములాని తలకిందులు చేయాలి, దానికి సూటి సమీకరణం లేదు. టేబుల్ ఉంటే 36.38కి అటూ ఇటూ చూడండి: మాక్ 2.35కి 35.53, మాక్ 2.40కి 36.75. మధ్యలో వాటా వేస్తే మాక్2 = 2.385.

టేబుల్ లేకపోతే న్యూటన్ పద్ధతి ఇక్కడ అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే న్యూ వాలు చాలా సులువుగా రాయొచ్చు:

మాక్ ఒక యూనిట్ మారితే న్యూ మారేది (రేడియన్లలో) = √(మాక్² − 1) ÷ (మాక్ × (1 + 0.2 × మాక్²))

మాక్ 2.4 అని ఊహించండి. న్యూ 36.75 వచ్చింది, మనకి కావాల్సింది 36.38, అంటే 0.37 ఎక్కువ. వాలు 0.4224 రేడియన్లు, డిగ్రీల్లో 24.2. 0.37ని 24.2తో భాగిస్తే 0.015. 2.4 లోంచి తీసేస్తే 2.385. ఒక్క అడుగులో వచ్చేసింది. మొదటి ఊహ కాస్త దూరంగా ఉంటే మామూలుగా రెండు మూడు అడుగులు పడతాయి. ఎక్సెల్‌లో పెట్టేవాళ్లకి ఒక హెచ్చరిక: ఎక్సెల్‌లో టాన్ ఇన్వర్స్ జవాబు రేడియన్లలో ఇస్తుంది, థీటా మాత్రం మీరు డిగ్రీల్లో టైప్ చేస్తారు. 57.3తో గుణించడం మర్చిపోతే వచ్చే అంకె ఒక్కోసారి నమ్మదగ్గట్టే కనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం.

నాలుగో అడుగు: పీ0 మీదుగా పీడనం

పీ0/పీ = (1 + 0.2 × మాక్²)^3.5

మాక్ 2 దగ్గర ఇది 1.8^3.5 = 7.824. మాక్ 2.385 దగ్గర 2.1376^3.5 = 14.28. పీ0 రెండు వైపులా ఒకటే కాబట్టి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే పీ0 ఎగిరిపోతుంది:

పీ2/పీ1 = 7.824/14.28 = 0.548

మూలకి ముందు 50 కిలోపాస్కల్ ఉంటే, దాటాక 27.4. కేవలం 10 డిగ్రీల వంపుకి దాదాపు సగం పీడనం పోయింది. ఉష్ణోగ్రత కూడా ఇదే దారిలో వస్తుంది, ఘాతం మాత్రం ఉండదు: 1.8/2.1376 = 0.842, అంటే 250 కెల్విన్ ఉన్న గాలి 210.5కి చల్లబడుతుంది. ఫైటర్ విమానాల మీద తేమ గాలిలో క్షణకాలం తెల్లటి మేఘం కమ్మడానికి కారణం ఇలాంటి చల్లదనమే: వ్యాకోచించిన చోట ఉష్ణోగ్రత మంచు బిందువు కిందకి పడి ఆవిరి సన్నని నీటి తుంపరగా మారి కనిపిస్తుంది, వెనకాల షాక్ తగలగానే వేడెక్కి మాయమవుతుంది.

ఇప్పుడు ఇదే 10 డిగ్రీలని రెండు 5 డిగ్రీల మూలలుగా విడగొట్టి చూడండి, పద్ధతి మీద నమ్మకం కుదరడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. మొదటి 5కి న్యూ 31.38, మాక్ 2.187, నిష్పత్తి 0.747. రెండో 5కి నిష్పత్తి 0.733. గుణిస్తే మళ్లీ 0.548. నిష్పత్తులు గుణించాలి, తేడాలు కూడకూడదు. గమనించాల్సింది ఇంకోటి ఉంది: మొదటి 5 డిగ్రీలకి మొదటి పీడనంలో 25 శాతం పోయింది, రెండో 5 డిగ్రీలకి అదే లెక్కన 20 శాతమే పోయింది. పోగొట్టుకోవడానికి మిగిలిందే తక్కువ. కోణం రెట్టింపైతే పీడనం పడేది రెట్టింపు అనుకోవడం ఎందుకు తప్పో ఇక్కడ కళ్ల ముందే ఉంది.

మాక్ పెరిగితే? అదే 10 డిగ్రీల మూల, మాక్ 3 గాలి. న్యూ 49.76 + 10 = 59.76, మాక్2 3.578, పీడన నిష్పత్తి 0.431. ఎక్కువ వేగంలో అదే మలుపు ఇంకా ఎక్కువ పీడనం లాగేస్తుంది.

ఐదో అడుగు: ఫ్యాన్ ఎక్కడుంది

పుస్తకాల్లో చాలావరకు పీ2 రాగానే లెక్క ముగిసిపోతుంది. మోడల్ మీద ప్రెషర్ ట్యాప్ (పీడనం కొలిచే చిన్న రంధ్రం) ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సినవాళ్లకి, సిమ్యులేషన్ ఫలితాన్ని చేతి లెక్కతో సరిచూసుకోవాల్సినవాళ్లకి అసలు పని ఇక్కడే మొదలు.

మొదటి తరంగం పాత దిశకి మ్యూ1 కోణంలో, అంటే 30 డిగ్రీలు. చివరి తరంగం కొత్త దిశకి మ్యూ2 కోణంలో. సైన్ మ్యూ2 = 1/2.385, మ్యూ2 = 24.79. కానీ కొత్త దిశ 10 డిగ్రీలు కిందకి ఉంది, కాబట్టి పాత గోడ రేఖ నుంచి కొలిస్తే 24.79 − 10 = 14.79 డిగ్రీలు. ఫ్యాన్ వెడల్పు 15.2 డిగ్రీలు. చివరి తరంగాన్ని కూడా పాత దిశ నుంచే 24.79 అని గీసేస్తే బొమ్మ మొత్తం తప్పుతుంది.

ఫ్యాన్ లోపల ప్రతి తరంగం పొడవునా పీడనం ఒకటే. మధ్యలో 5 డిగ్రీలు తిరిగిన తరంగాన్ని తీసుకుంటే మాక్ 2.187, మ్యూ 27.22, పాత రేఖ నుంచి 22.22 డిగ్రీలు, దాని మీద ఎక్కడ కొలిచినా పీడనం 0.747 రెట్లు.

ఇప్పుడు పాత గోడ రేఖకి 100 మిల్లీమీటర్ల ఎత్తులో, దానికి సమాంతరంగా ఒక సన్నని ప్రోబ్‌ని మెల్లగా ముందుకి జరుపుతున్నాం అనుకోండి. మూల నుంచి 173 మిల్లీమీటర్లు దాటే దాకా దానికి ఏమీ తెలియదు, పీడనం 50 దగ్గరే కదలకుండా ఉంటుంది. 173 దగ్గర దిగడం మొదలవుతుంది. 245 దగ్గరకి 37.4 అవుతుంది. 379 దగ్గర 27.4కి చేరి ఆగుతుంది. మొదటి పాతిక శాతం 72 మిల్లీమీటర్లలో పడింది, తర్వాతి 20 శాతానికి 134 పట్టింది. అదే ప్రోబ్ 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే ఈ దూరాలన్నీ పదో వంతు. సరిగ్గా మూల బిందువు దగ్గర తరంగాలన్నీ ఒక్కచోట కలుస్తాయి కాబట్టి అక్కడ పీడనానికి ఒక విలువంటూ లేదు, సిమ్యులేషన్‌లో ఆ గడి దగ్గర అంకెలు పిచ్చిగా వస్తే టెన్షన్ పడకండి. గాలి సాంద్రతలో తేడాలని చూపించే ష్లీరెన్ ఫోటోల్లో కూడా ఇదే కనిపిస్తుంది: షాక్ కత్తితో గీసినట్టు పదునైన గీత, ఎక్స్‌పాన్షన్ మాత్రం మూల దగ్గర చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచబడే మసక.

షాక్ తర్వాత ఫ్యాన్ వస్తే

నిజమైన రెక్కల మీద ఎక్స్‌పాన్షన్ ఒంటరిగా రాదు. పైన చెప్పిన డైమండ్ రెక్కనే తీసుకోండి, మాక్ 2, ప్రవాహానికి నేరుగా, ముందు సగం కోణం 10 డిగ్రీలు. ముక్కు దగ్గర ఆబ్లిక్ షాక్ వచ్చి మాక్ 1.64కి దిగుతుంది, పీడనం 1.706 రెట్లవుతుంది. అక్కడ న్యూ 16.04. మధ్య మూలలో 20 కలిపితే 36.04, మాక్ 2.371. పీ0/పీ విలువలు షాక్ తర్వాత మాక్ 1.64కి 4.511, 2.371కి 13.97. నిష్పత్తి 0.323. మొదటి పీడనంతో పోలిస్తే 1.706 × 0.323 = 0.551.

జాగ్రత్త ఒకటే: షాక్ దాటగానే పీ0 పడిపోతుంది, ఈ ఉదాహరణలో దాదాపు 1.6 శాతం. కాబట్టి ఫ్యాన్‌కి వాడాల్సింది షాక్ తర్వాతి పీ0, మొదటిది కాదు. నిష్పత్తులని పైన చేసినట్టు అంచెలంచెలుగా గుణిస్తే ఆ పొరపాటుకి తావే ఉండదు.

రెక్క మొత్తం డ్రాగ్ ఇప్పుడు చేతికందినట్టే. ముందు 1.706, వెనక 0.551, తేడాని 2.8తో (అది 0.5 × గామా × మాక్², అంటే 0.5 × 1.4 × 4) భాగించి, మందం నిష్పత్తి (మందం ÷ పొడవు) 0.176తో గుణిస్తే డ్రాగ్ గుణకం 0.073. ఘర్షణ అసలు కలపకుండానే ఇంత డ్రాగ్. సూపర్‌సోనిక్ రెక్కలు ఎందుకంత పలచగా ఉంటాయో ఈ ఒక్క అంకె చెప్తుంది.

సులువు ఫార్ములా ఎప్పుడు చాలు

1925లో యాకొబ్ ఆకెరెట్ ఇచ్చిన లీనియర్ సిద్ధాంతం ప్రకారం పీడనంలో మార్పు (పీ1లో వంతుగా) = గామా × మాక్² × థీటా ÷ √(మాక్² − 1), థీటా రేడియన్లలో. మాక్ 2, 1 డిగ్రీకి ఇది పీ2/పీ1 విలువ 0.944 ఇస్తుంది, అసలు విలువ 0.945. భేషుగ్గా ఉంది. 10 డిగ్రీలకి 0.436 ఇస్తుంది, అసలు విలువ 0.548. ఇది వాడకూడదు.

కానీ ఒక చిత్రం చూడండి. అదే మాక్ 2లో చదునైన పలకని 10 డిగ్రీలు ఎత్తిపెడితే పై వైపు ఎక్స్‌పాన్షన్ 0.548, కింద వైపు షాక్ 1.706. వీటితో లిఫ్ట్ గుణకం 0.407. ఆకెరెట్ ఫార్ములాతో 0.403. పై పీడనం ఘోరంగా తప్పు, లిఫ్ట్ మాత్రం ఒక శాతం తేడాలో సరిపోయింది! పైన పీడనాన్ని మరీ తక్కువ చూపిస్తుంది, కింద కూడా తక్కువే చూపిస్తుంది, తేడా తీసేసరికి రెండు తప్పులూ చాలావరకు రద్దవుతాయి. అందుకే నా అభిప్రాయం: లిఫ్ట్ అంచనాకి లీనియర్ హాయిగా వాడుకోండి, ఒక ఉపరితలం మీద పీడనం కావాలంటే మాత్రం న్యూ దారినే రండి.

వెనక నుంచి ముందుకి: పీడనం తెలుసు, కోణం కావాలి

రాకెట్ నాజిల్ దగ్గర ప్రశ్న తిరగబడుతుంది. బయట పీడనం తెలుసు, జెట్ అంచు ఎంత విచ్చుకుంటుంది? గాలితో నడిచే నాజిల్ కొనలో మాక్ 2.5 ఉందనుకుందాం, బయట పీడనం కొన పీడనంలో సగం. పీ0/పీ 17.09, బయటికి దానికి రెట్టింపు, 34.17. దీనికి మాక్ 2.952, న్యూ 48.82. మొదటి న్యూ 39.12. తేడా 9.7 డిగ్రీలు, జెట్ అంచు కొన దగ్గర అంత కోణంలో బయటికి తెరుచుకుంటుంది. అడుగులు అవే, నడక వెనక్కి.

శ్రీహరికోట నుంచి రాకెట్ పైకి పోయేకొద్దీ మంట లావెక్కడం మనలో చాలామంది టీవీలోనైనా చూసి ఉంటారు. నేల మీద 101.3 కిలోపాస్కల్ ఉన్న గాలి పీడనం 10 కిలోమీటర్ల ఎత్తులో 26.5కి, 20 కిలోమీటర్లలో 5.5కి పడిపోతుంది. నాజిల్ కొన పీడనం మారదు, బయటది పడిపోతుంది, కాబట్టి విచ్చుకునే కోణం పెరుగుతూ పోతుంది. ఆ కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీశ్ ధావన్ కూడా ఈ రంగం మనిషే: కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర 1951లో పీహెచ్‌డీ చేసి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి వచ్చి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టించాడు.

జెట్ లోపలికి వెళ్లిన ఫ్యాన్ ఎదురుగా ఉన్న అంచుని తాకితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. గట్టి గోడని తాకితే ఎక్స్‌పాన్షన్ ఎక్స్‌పాన్షన్‌గానే వెనక్కి వస్తుంది, ఎందుకంటే గాలి మళ్లీ గోడకి సమాంతరంగా తిరగాలి. జెట్ అంచుని తాకితే కంప్రెషన్‌గా వస్తుంది, ఎందుకంటే అక్కడ పీడనం బయటి పీడనానికి సమానంగా ఉండి తీరాలి. మంటలో వరసగా కనిపించే డైమండ్లు ఈ అటూ ఇటూ తిరుగుడు వల్లే.

వాయువు మారితే, హద్దు దాటితే

న్యూకి ఒక పై హద్దు ఉంది. మాక్ అనంతమైనా గాలికి న్యూ 130.45 డిగ్రీలు మించదు. న్యూ2 అంతకు మించితే గాలి గోడ వెంట తిరగలేక విడిపోతుంది, మధ్యలో శూన్యం మిగులుతుంది. ఇది సిద్ధాంతంలో హద్దు. అసలు గాలి దానికి చాలా ముందే చల్లబడి ద్రవంగా మారడం మొదలెడుతుంది, హైపర్‌సోనిక్ టన్నెళ్లలో గాలిని ముందే వేడిచేసి పంపేది అందుకే. బౌండరీ లేయర్ (గోడని ఆనుకుని నెమ్మదిగా కదిలే పలచని గాలి పొర) కూడా చిన్న మూలలని తన మందంతో గుండ్రంగా మార్చేస్తుంది, కాబట్టి మూలకి మరీ దగ్గర్లో కొలిచిన పీడనం చేతి లెక్క చెప్పినంత వేగంగా పడదు.

రాకెట్ వాయువులకి గామా 1.2 దగ్గర ఉంటుంది. అప్పుడు ఫార్ములాలో 6 బదులు 11, పీ0/పీలో 0.2 బదులు 0.1, ఘాతం 3.5 బదులు 6. మన మొదటి ఉదాహరణనే గామా 1.2తో చేస్తే న్యూ1 31.46, న్యూ2 41.46, మాక్2 2.288, పీడన నిష్పత్తి 0.602. గాలి టేబుల్ తెరిచి వేసుంటే 0.548 వచ్చేది, దాదాపు పదో వంతు తేడా. పై హద్దు కూడా 130 నుంచి 208.5 డిగ్రీలకి జరుగుతుంది, అంటే శూన్యంలో రాకెట్ వాయువు నాజిల్ అంచు చుట్టూ తిరిగి వెనక్కి కూడా రాగలదు. ఉపగ్రహాల మీద చిన్న థ్రస్టర్లు ఎక్కడ పెట్టాలి, పక్కనున్న సోలార్ ప్యానెల్ మీద వాయువు పడకుండా ఎంత ఎడం వదలాలి అనేది లెక్కేసేటప్పుడు మొదట చూసేది ఈ కోణాన్నే.